ఆగమ్మ ట్రైలరు

యార్డులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. బండి కదలబోయే ముందు చెయ్యెత్తి "ఆగు" అంటుంది కాబట్టి ఆగమ్మ. లోడు ఎక్కించినవాళ్ళు బెల్టులు బిగించి చేతులు దులుపుకుంటారు. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుగొట్టం పైకెత్తి నిలబడతాడు. అంతా అయిపోయింది, ఇక బయల్దేరడమే అనుకున్న క్షణంలో ఈవిడ తాళం తిప్పకుండా కిందికి దిగి, "ఆగు" అని, వ్యాను ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి ట్రైలరు తోకదాకా ఒక చుట్టు చుట్టి వస్తుంది. కొత్తవాళ్ళు గొణుక్కుంటారు. పాతవాళ్ళు ఆ పావుగంటలో వెళ్ళి టీ తాగి వస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. ఆవిడతో వాదించి గెలిచినవాడు యార్డులో ఇంకా పుట్టలేదు.

ఆవిడది తెల్లటి సరుకుల వ్యాను. వెనక రెండు చక్రాల ట్రైలరు. పని లిఫ్టుల కంపెనీకి. ఎక్కడైనా భవనంలో కొత్త లిఫ్టు పెట్టాలన్నా, పాతది మొరాయించినా, మోటారూ, ఇనప దిమ్మలూ, ఉక్కుతాళ్ళ చుట్టలూ అన్నీ ఈవిడ వెనకే వెళ్ళాలి. లిఫ్టు మోటారు చూడ్డానికి ట్రంకుపెట్టెంత ఉంటుంది. తూస్తే నాలుగు వందల కిలోలు. అది ట్రైలర్లో ఒక్క అడుగు అటోఇటో జరిగితే ఏమవుతుందో ఆగమ్మకి తెలిసినంత, ఆ మోటారు తయారుచేసినవాళ్ళకి కూడా తెలియదు. గొప్పకి చెప్పేమాట కాదిది, కాసేపట్లో మీరే చూస్తారు.

ఆగమ్మని అడిగితే మాత్రం ఏమీ చెప్పదు. "ఏముందమ్మా, బండి తోలాను" అని ఊరుకుంటుంది. అందుకని ఆవిడ సంగతి ఆవిడ కోడలు చూసినట్టు చెప్పుకోవడమే నయం.

కోడలు కూడా డ్రైవరే. పెళ్ళికి ముందు నుంచీ ఊళ్ళో చిన్న వ్యానులో పార్సిళ్ళు వేసేది. రోజుకి ఎనభై గుమ్మాలు. ఆ చురుకుదనం చూసి అక్కడివాళ్ళు మెరుపు అని పిలిచేవారు, ఆ పిలుపంటే ఆమెకి లోలోపల మహా ముచ్చట. మొగుడు దర్జీ. తల్లీ పెళ్ళామూ ఇద్దరూ డ్రైవర్లే అయిన ఆ మనిషికి బండెక్కితే చాలు, వాంతులు. బజారుకి కూడా నడిచే వెళ్తాడు. "కడుపులో ఉన్నన్నాళ్ళూ బండిలోనే తిప్పాను కదా, అప్పుడే మొహం మొత్తినట్టుంది వాడికి" అంటుంది ఆగమ్మ.

రెండు నెలల కింద ఆగమ్మ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు మార్చుకుందామని వెళ్తే, ఆయన చీకటిగదిలో కూర్చోబెట్టి చుక్కలు వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి, చివరికి నీటికాసులు అని తేల్చాడు. చూపు నడిమధ్య బాగానే ఉందట, అంచుల నుంచి తరిగిపోతోందట. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనున్నది పోతుంది. పోయింది తిరిగి రాదు, మందు వేస్తే ఉన్నది నిలుస్తుంది. "మీ లైసెన్సు గడువు ఎప్పటిదాకా?" అని అడిగాడు. రెండు నెలలు అంది ఆగమ్మ. "మళ్ళీ నేను సంతకం పెట్టనమ్మా" అన్నాడు ఆయన.

ఇంటికొచ్చి ఆ కబురు ఎలా చెప్పిందో కోడలికి ఇప్పటికీ గుర్తే. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, "అమ్మాయ్, రేపు నీ పార్సిళ్ళకి సెలవు పెట్టు. ట్రైలరు నేర్పుతాను" అంది. అంతే. ఏడుపూ లేదు, పెడబొబ్బా లేదు. కొడుకే కుట్టుమిషను ముందు కూర్చుని తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

కంపెనీవాళ్ళ మాట సూటిగానే ఉంది. యార్డు మేనేజరు ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. "ఆగమ్మగారూ, మీ తర్వాత ట్రైలరు ఎవరికివ్వాలో మీరే చెప్పండి. మీ కోడలు పనికొస్తుందని మీరంటే రేపటి నుంచి ఆవిడదే. రాదంటే బయట మనిషిని చూసుకుంటాం. మీరు అబద్ధం చెప్పరని నాకు తెలుసు." ఆ ఇల్లు నడిచేది ఆ ట్రైలరు మీదే. కాని కోడలికి కావాల్సింది అదొక్కటే కాదు. ఆవిడ నోటి వెంట "పనికొస్తుంది" అన్న మాట రావాలి. పరాయివాళ్ళు వెయ్యిమంది మెచ్చుకున్నా ఆ ఒక్క మాటకి సాటిరాదని ఆమెకి అనిపించేది.

నేర్చుకోవడం మొదలుపెట్టాక గాని ఆమెకి తెలియలేదు, తనకి ఎంత తెలియదో. మార్కెట్ వెనక ఖాళీ మైదానంలో మూడు వారాలు వెనక్కి నడపడమే నేర్పింది ఆగమ్మ. కోడలు స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకి పోయేది. సరిచేద్దామని గబగబా ఎడమకి తిప్పేసరికి వ్యానూ ట్రైలరూ మడతపడి, ఒకదాన్నొకటి కొరుక్కోబోయే కుక్కల్లా మొహాలు పెట్టుకుని నిలబడేవి. మైదానంలో బంతాట ఆడుకునేవాళ్ళు ఆట ఆపి మరీ నవ్వేవారు.

"అది నీ మొగుడి లాంటిదే" అనేది ఆగమ్మ పక్కన నిలబడి. "ఇటు లాగితే అటు పోతుంది. కొంచెం చెప్పి ఊరుకో. అది విన్నాక ఇంకొంచెం చెప్పు. అంతా ఒకేసారి చెప్పావో, మడతేసుకుని కూర్చుంటుంది."

నాలుగోవారం ఒకరోజు పొద్దున్నే ఆగమ్మ స్నానాల గదిలోంచి బరువు చూసుకునే మిషను చంకలో పెట్టుకుని వచ్చింది. కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "అత్తయ్యా, ఇవాళ ఎవర్ని తూస్తున్నాం? నన్నా, ట్రైలరునా?" ఆగమ్మ ఏమీ అనుకోలేదు. ట్రైలరుని వ్యాను నుంచి విప్పి, చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, ముందున్న కొక్కెం కింద ఆ మిషనుంచి, దాని మీద ఒక కర్రముక్క నిలబెట్టింది. ట్రైలరు ముక్కుని కర్ర మీదికి దించింది. ముల్లు కదిలి ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది.

"ఇదీ దాని ముక్కు బరువు" అంది. "ట్రైలరు మొత్తం వెయ్యి కిలోలైతే ముక్కు మీద డెబ్భై, ఎనభై, తొంభై, ఆ మధ్యలో ఉండాలి. ఇంకా ఎక్కువైతే వ్యాను నడ్డి వంగి ముందు చక్రాలకి నేల దొరకదు. తక్కువైతే..." అని ఆగిపోయింది.

"తక్కువైతే?"

"తక్కువ కానివ్వకు."

ఆవిడ చుట్టు చుట్టడం వెనక ఉన్న లెక్కంతా అప్పుడు ఒక్కొక్కటీ బయటపడింది. కొక్కెం పట్టిందో లేదో చూడ్డం చాలదు, ముక్కు కింద చిన్నచక్రాన్ని తిప్పి పైకెత్తి చూడాలి. పట్టి ఉంటే వ్యాను వెనకభాగం కూడా దాంతోపాటు లేస్తుంది. కింద గొలుసులు రెండూ ఎడాపెడా దాటించి కట్టాలి, కొక్కెం ఊడినా ముక్కు రోడ్డు మీద పడకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. బయల్దేరిన పది కిలోమీటర్లకి మళ్ళీ ఆగి, చక్రాల నడిబొడ్డున చేతివెనక ఆనించి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడుంటే లోపల ఏదో అరుగుతోంది. కోడలికి ఒకరోజు అదంతా కాగితం మీద రాసుకోవాలనిపించింది. ఆగమ్మ వద్దంది. "కాగితం బండిలో ఉంటుంది. నువ్వు బండి బయట ఉంటావు. చేతులకి నేర్పు."

లైసెన్సు గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఆ ట్రిప్పు వచ్చింది. కొండ మీద ఒక ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోయింది. రోగుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మెట్ల మీద మోస్తున్నారట. కొత్త మోటారు తీసుకెళ్ళాలి. దారిలో ఊరి చివర కడుతున్న భవనంలో కొన్ని ఇనప దిమ్మలు దించాలి.

"వెళ్ళేటప్పుడు నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటాను" అంది ఆగమ్మ. "నీ పరీక్ష అదే. వచ్చేటప్పుడు ట్రైలరు ఖాళీ. అప్పుడు నేను. అదే నా ఆఖరు." ఆ చివరిమాట అన్నప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. కాని ఆ సాయంత్రం కొడుకు కొత్తచొక్కా కుట్టి ఇస్తే, దాన్ని రెండుసార్లు ఇస్త్రీ చేసుకుని వంకెకి తగిలించుకుంది. నీలం చొక్కా, రెండు జేబులు. ఆ తిరుగు ప్రయాణం మీద ఆవిడకెంత ఆశ ఉందో కోడలికి ఆ చొక్కాని చూస్తే అర్థమైంది.

మర్నాడు పొద్దున యార్డులో కోడలే అన్నీ చేసింది. కొక్కెం, గొలుసులు, దీపాల తీగ, గాలి. ముక్కు తూచింది, నిండు లోడుతో పదమూడు వందల కిలోలకి నూట ఐదు. ఆగమ్మ కొత్తచొక్కా వేసుకుని గేటు పక్కన నిలబడి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే ఆవిడ మెచ్చుకోలని కోడలు తెగ సంబరపడింది.

ఊరి చివర భవనం దగ్గర లిఫ్టు మెకానిక్ తన మోటారుసైకిల్ మీద ముందే వచ్చి కాచుకుని ఉన్నాడు. దించాల్సిన దిమ్మలు ట్రైలరు ముందువైపున్నాయి. వాటిని బయటికి తియ్యడానికి కూలీలు మోటారుని వెనక్కి, తలుపు దగ్గరికి జరిపారు. దిమ్మలు దిగిపోయాక మెకానిక్ గడియారం చూసుకున్నాడు.

"చెల్లెమ్మా, దీన్ని ఇక్కడే ఉంచేద్దామా? ఆస్పత్రి దగ్గర మనకి దొరికేది నలుగురే మనుషులు. లోపల్నుంచి లాగాలంటే తాతలు దిగొస్తారు. తలుపు దగ్గరుంటే చిటికెలో దించేస్తాం."

మెరుపుకి అందులో తప్పేమీ కనిపించలేదు. పదేళ్ళుగా ఆమె బతికిన బతుకే అది. ముందు దిగేది తలుపు దగ్గర, తర్వాత దిగేది లోపల. పార్సిల్ వ్యానులో అదొక్కటి తప్పితే రోజంతా తల్లకిందులే. "అలాగే అన్నయ్యా" అంది. పైగా మోటారుకి నాలుగు బెల్టులు వేసి, పళ్ళబిగువున లాగి కట్టి, మీటితే టంగుమనేలా చేసింది. తన పనితనానికి తనే మురిసిపోయింది. పైన టార్పాలిన్ కప్పుతుంటే ఆగమ్మ ఆవలిపక్క నుంచి చుట్టి వచ్చి, లోపలికి ఒకసారి తొంగి చూసింది. బెల్టు ఒకటి పట్టుకుని లాగింది. కదల్లేదు.

"ముక్కు తూచావా?" అంది.

"పొద్దున్న తూచాను కదా అత్తయ్యా. నూట ఐదు."

ఆగమ్మ ఒక్క క్షణం ఆగింది. మెకానిక్ అప్పటికే బండి స్టార్టు చేసి హారన్ కొడుతున్నాడు. "సరే పద" అంది.

ఊరు దాటాక రోడ్డు ఒక పెద్ద మిట్టెక్కి, అవతలివైపు రెండు కిలోమీటర్ల పొడవునా దిగుడు. దిమ్మలు దిగిపోయి బండి తేలిగ్గా ఉంది. వేగం డెబ్భై దాటినట్టు కోడలు గమనించలేదు. వెనక నుంచి ఒక పొడుగాటి బస్సు హోరుమంటూ దాటిపోయింది. దాని గాలి వ్యానుని ఇటు నెట్టి అటు పీల్చింది. కోడలికి కూర్చున్న సీటు చిన్నగా కదిలినట్టు తోచింది. అద్దంలోకి చూసింది. కుడి అద్దంలో ట్రైలరు తోక కనిపించింది, అంత బయటికి కనిపించకూడదు అది. మరుక్షణం కుడి అద్దంలో లేదు, ఎడమ అద్దంలో ఉంది. మళ్ళీ కుడి. ఈసారి ఇంకా బయటికి. ప్రతి ఊపుకీ వ్యాను వెనకభాగాన్ని ఎవరో పట్టుకుని విదిలిస్తున్నట్టుంది.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది.

"కాలు తియ్యి."

ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది ఆగమ్మ.

"బ్రేకు మీద పెట్టకు. ఎక్సిలేటరు మీద కూడా పెట్టకు. చేతులు అలాగే నిలుపు. దాన్ని సరిచెయ్యాలని చూడకు. ఊగనీ దాన్ని."

ఊగనీ! ఆ మాట విన్న క్షణంలో కోడలి ఒళ్ళంతా ఎదురుతిరిగింది. స్టీరింగు తిప్పమని చేతులు గోల పెడుతున్నాయి, తొక్కమని కాలు గోల పెడుతోంది. పక్కకి ఒక్కసారి చూసింది. ఆగమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేతి మీద ఇంకో చెయ్యి వేసుకుని, రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. దేన్నీ పట్టుకోలేదు. ఆ చేతులు చూశాక కోడలు కూడా తన చేతుల్ని నిలిపింది. కాలు గాల్లో ఉంచింది. కుడి, ఎడమ, కుడి. నాలుగో ఊపు అన్నిటికంటే పెద్దది, టైర్లు కీచుమన్నాయి. ఐదోది దానికంటే తక్కువ. ఆరోది ఇంకా తక్కువ. వేగం అరవైకి దిగింది, యాభైకి దిగింది. తొమ్మిదో ఊపుకి ట్రైలరు ఏమీ ఎరగనట్టు బుద్ధిగా వచ్చి వ్యాను వెనక నిలబడింది.

తను ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకపోవడం వల్లే బతికింది. అంతటి బలాన్ని, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అనే పనితో లొంగదియ్యవచ్చని పక్కనున్న ఈ మనిషి ఎక్కడ, ఎప్పుడు నేర్చుకుందో ఆమె ఊహకి అందలేదు. రోజూ తను కంచంలో వడ్డించే అత్తగారేనా ఈవిడ అని విస్తుపోయింది.

దిగుడు చివర లారీలు ఆగే చదునైన జాగా ఉంటే అక్కడ ఆపింది. దిగి, రెండడుగులు వేసి, గట్టు పక్కన భళ్ళున కక్కింది.

"మా ఇంటి రోగం నీకూ అంటుకుందే" అంది ఆగమ్మ, నీళ్ళసీసా అందిస్తూ. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టింది, ట్రైలరు విప్పింది, మిషను తెచ్చింది. ముక్కు దించితే ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది. ఆగమ్మ లేచి టార్పాలిన్ పూర్తిగా తీసేసింది. తలుపుకి ఆనుకుని మోటారు కూర్చుని ఉంది, నాలుగు బెల్టుల బందోబస్తుతో. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది.

"నేనే పెట్టమన్నాను" అంది కోడలు. "ముందు దిగేది తలుపు దగ్గరే ఉండాలనుకున్నాను. మెకానిక్ తప్పు కాదు. మళ్ళీ తూచకుండా పొద్దుటి లెక్క చెప్పాను." ట్రైలరు తన చెయ్యి జారిపోయిందని ఆమెకి తెలిసిపోయింది. అత్తగారా అబద్ధం చెప్పదు, జరిగిందా దాచిపెట్టలేని తప్పు.

ఆగమ్మ గట్టు మీద కూర్చుంది. "బరువు తోకకి పోతే ముక్కు తేలిపోతుంది. ముక్కు తేలిన ట్రైలరు వ్యాను మాట వినదు. ఆ రోజు తక్కువైతే ఏమవుతుందని అడిగావు. చెప్పలేదు నేను. చెప్పడానికి నోరు రాలేదు." చొక్కా చేతులు పైకి మడుచుకుంది. "నేను ఈ పనిలోకొచ్చిన మొదటి ఏడాది. గాజుతలుపులు వేసుకెళ్తున్నాను. ఇలాంటి దిగుడే. తోక ఊపింది. భయపడి బ్రేకు తొక్కాను. ట్రైలరు వచ్చి వ్యాను పక్కటెముకల్లో పొడిచింది. రెండూ కలిసి పొలంలోకి దొర్లాయి. నీ మొగుడు అప్పుడు ఐదో నెల, కడుపులో. గాజుపెంకుల మధ్య కూర్చుని, వాడు కదుల్తాడేమోనని పొట్ట మీద చెయ్యేసుకుని ఉన్నాను. ఎంతసేపో తెలీదు. కదిలాడు. ఆ తర్వాతే లేచాను."

ఏళ్ళ తరబడి యార్డులో అందరూ నవ్వుకునే ఆ చుట్టు, ఆ "ఆగు", ఆ చంకలో మిషను, అన్నీ ఆ పొలంలోంచి లేచి వచ్చాయన్నమాట. కోడలికి ఆవిడ పాదాల దగ్గర కూలబడి ఏడవాలనిపించింది. ఆగమ్మ అందుకు వ్యవధి ఇవ్వలేదు.

"లే. ఆస్పత్రిలో జనం మెట్లెక్కుతున్నారు. వ్యాన్లోంచి పలుగూ ఇనప గొట్టాలూ తీసుకురా."

ఇద్దరు ఆడవాళ్ళు నాలుగు వందల కిలోల మోటారుని ఎలా కదుపుతారని లారీడ్రైవర్లు ఇద్దరు టీగ్లాసులు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. సాయం పడతామన్నారు. "చూస్తూ ఉండండి, అదే సాయం" అంది ఆగమ్మ. పలుగు మొన మోటారు అడుగుచెక్క కిందికి దూర్చి, పిడి మీద తన బరువంతా వేసింది. అరంగుళం లేచింది. కోడలు గొట్టం తోసింది. ఇంకో పక్క ఇంకో గొట్టం. మూడు గొట్టాలు పడ్డాక ఆగమ్మ అరచెయ్యి ఆనించి నెట్టింది. అంతలేసి ఇనుము ఉయ్యాలతొట్టిలా మెల్లగా కదిలి ముందుకొచ్చింది. లారీడ్రైవర్లు నోళ్ళు వెళ్ళబెట్టారు. సరిగ్గా రెండడుగులు. బెల్టులు కట్టి మళ్ళీ తూస్తే ఎనభై నాలుగు.

తాళంచెవులు కోడలు చేతిలోనే ఉన్నాయి. ఆగమ్మ వాటిని అడగలేదు. నేరుగా వెళ్ళి పక్కసీట్లో కూర్చుంది. కొండదారి పొడవునా కోడలు నలభై దాటలేదు, ఊపిరి కూడా లెక్కపెట్టుకునే వదిలింది.

ఆస్పత్రిలో ఒక ముసలాయన్ని కుర్చీతో సహా ఇద్దరు మనుషులు మెట్ల మీంచి దించుతున్నారు. ఆయన రెండు చేతులూ కుర్చీని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. మోటారు దించడానికి వచ్చిన నలుగురూ లోపలున్నదాన్ని చూసి సణిగారు గాని, గొట్టాల మీద అది పావుగంటలో దిగిపోయింది. మెకానిక్‌కి ఏం జరిగిందో ఆగమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన మొహం తెల్లబోయింది.

అంతలో యార్డు మేనేజరు ఫోను. ఆగమ్మ స్పీకరు నొక్కి అరచేతిలో పెట్టుకుంది. కోడలు దూరంగా జరగబోతే, ఉండమని సైగ చేసింది.

"ఏమంటారు ఆగమ్మగారూ? పనికొస్తుందా?"

"లోడు తప్పు పెట్టించింది. దిగుట్లో తోక ఊపింది."

కోడలు నేలకేసి చూస్తోంది.

"కాలు తీసింది" అంది ఆగమ్మ. "చేతులు కదపలేదు. ఏం జరిగిందో అడక్కముందే ఒప్పుకుంది. మొదటిసారి తోక ఊపితే కాలు తీసినవాళ్ళని నేను చూళ్ళేదయ్యా. నేను తియ్యలేదు. పనికొస్తుంది. ట్రైలరు దాన్దే."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. వచ్చాక కోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించలేదు. ట్రైలరు అంచు పట్టుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకుని తాళంచెవులు చాచింది. "మీ వంతు అత్తయ్యా."

ఆగమ్మ తీసుకుంది. కొత్తచొక్కాకి అంటిన మట్టి దులుపుకుంది. డ్రైవరు సీట్లో కూర్చుని సీటు ముందుకి జరుపుకుంది, కుడి అద్దం సర్దుకుంది, ఎడమ అద్దం సర్దుకుంది. తాళం తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మాయ్, వెళ్ళి ట్రైలరు ఎడమ చక్రం దగ్గర నిలబడు. ముక్కుని తూచినట్టు నన్ను కూడా తూచుకోవాలి కదా. చెయ్యెత్తు."

కోడలు వెళ్ళి నిలబడి చెయ్యెత్తింది.

"ఎత్తావా?"

"ఎత్తానత్తయ్యా."

"మళ్ళీ ఎత్తు."

"ఎత్తే ఉంది."

అద్దంలో ఆగమ్మ మొహం కోడలికి స్పష్టంగా కనపడుతోంది. ఆ మొహం అద్దంకేసే చూస్తోంది. తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పింది. అప్పుడు చెయ్యి కనపడినట్టుంది, తలూపింది. నిండుగా మెడ తిప్పితే గాని కనపడలేదు. ఎత్తిన చెయ్యి, పట్టపగలు, ఇరవై అడుగుల దూరంలో.

చాలాసేపు ఆవిడ సీట్లోంచి లేవలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. కోడలు తొందరపెట్టలేదు. తర్వాత తలుపు తీసుకుని దిగి వచ్చింది.

"భవనం దగ్గర ట్రైలర్లోకి తొంగి చూశాను నేను. చూశానా? మోటారు తోకలో ఉంది. నాకు కనపడలేదు. బెల్టు ఒక్కటే కనపడింది. నువ్వు తప్పు పెట్టావు, అది నేర్చుకునేవాళ్ళు చేసేదే. నేను చూసి కూడా చూళ్ళేదు. ఇవాళ పొద్దున్నే నేను దిగిపోవాల్సింది." తాళంచెవులు కోడలి చేతిలో పెట్టి, ఆ వేళ్ళు మూసింది. "నువ్వే తోలు."

"ఖాళీ ట్రైలరే కదా అత్తయ్యా. నేను పక్కనుంటాను. ఒక్కసారి..." అంది కోడలు.

"రోడ్డు ఖాళీ కాదుగా" అంది ఆగమ్మ.

కోడలు వ్యాను ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి తోకదాకా చుట్టి వచ్చింది. అంతసేపూ ఏడుస్తూనే ఉంది. ఏ పనీ వదల్లేదు. ఆవిడంత నిక్కచ్చి మనిషిని ఆమె తన జన్మలో చూడలేదు, చూడబోదని కూడా తెలుసు. పెద్దపెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు సీటు వదలమంటే ఎన్ని సాకులు చెబుతారో అందరికీ తెలిసిందే. ఈవిడకి సీటు దిగమని చెప్పినవాళ్ళెవరూ లేరు. తనని తనే తూచుకుని, ముల్లు చూసి, దిగిపోయింది.

బయల్దేరారు. కొండదారి మలుపులు మలుపులుగా దిగుతోంది. ఖాళీ ట్రైలరు వెనక గలగలమంటోంది. ఆగమ్మ పక్కసీట్లో కూర్చుని మొదట కాసేపు అలవాటుగా అద్దాలు వెతుక్కుంది, పక్కసీటు నుంచి అవి దేనికీ పనికిరావు. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లగా మొహమంతా కిటికీ వైపు తిప్పింది. మూడో మలుపు దగ్గర ఒక్కసారి ముందుకి వంగింది.

"అమ్మాయ్! కింద నది ఉందే!"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ దారిన ఆవిడ ఎన్నిసార్లు ఎక్కిందో, ఎన్నిసార్లు దిగిందో లెక్కలేదు.

"ఎంత పెద్దదో" అంది ఆగమ్మ, కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి. "ఎంత వెలుతురో దాని మీద. అవతలి ఒడ్డు ఎక్కడో ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందంటావ్ ఇక్కడ?"

"ఎప్పటినుంచో ఉండి ఉంటుందత్తయ్యా" అంది కోడలు. ఆమె నది వైపు చూడలేదు. మలుపు వస్తోంది, ఎడమ అద్దంలో ట్రైలరు చక్రం గట్టుకి ఎంత దూరంలో ఉందో చూసుకుంటోంది.